లోపలి మనిషి మాట

జూన్ 4

ఈ రోజు కూడా ముందు పౌడర్ వాసన వచ్చింది, తరవాత మనిషి వచ్చింది. పరీక్ష గది తెర తీయక ముందే నాకు తెలిసిపోతుంది. ముఖానికి రాసుకునే పౌడర్ వాసన వేరు. ఇది లోపలి బట్టల్లో గుమ్మరించుకున్న పౌడర్. ఎంత పోసినా దాని కింద ఉన్న వాసన దాగదు. ఈవిడ హోటల్లో గిన్నెలు కడుగుతుందట. రక్తం ఎన్నాళ్ళ నుంచి కనబడుతోందని అడిగితే "మొన్నటి నుంచే" అంది. అందరికీ మొన్నటి నుంచే. ఆ మొన్న కొందరికి ఆరు నెలలు, కొందరికి రెండేళ్ళు.

డాక్టరమ్మ మా ఆసుపత్రికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో వచ్చే ఆడవాళ్ళ మీద ఒక పరిశీలన రాస్తున్నారు. ఎవరు వస్తున్నారు, ఎందుకింత ఆలస్యంగా వస్తున్నారు, వచ్చినవాళ్ళు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు. మంచి మనిషి, కేకలేస్తారు గానీ. "ఇన్నేళ్ళుగా ఈ గదిలో ఉన్నారు, మీకేం కనబడింది సిస్టర్?" అని అడిగారు. నాకు కనబడ్డవి చెప్పాను. మగవాళ్ళ వార్డులో ప్రతి మంచం పక్కనా ఒక పెళ్ళాం కూర్చుని ఉంటుంది. మా వార్డులో అమ్మలు, అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు. మొగుళ్ళు గేటు దగ్గర టీ బడ్డీ దాకానే. జబ్బు ముదరకుండా దొరికేవాళ్ళు మోకాళ్ళ నొప్పికో, కోడలి కాన్పుకో వచ్చి దొరుకుతారు. ఇక దీని పేరు మా వార్డులో ఎవరి నోటా రాదు. గడ్డ అంటారు, పుండు అంటారు, ఆ జబ్బు అంటారు. చుట్టాలు నన్ను పక్కకి లాగి "ఆవిడకి మాత్రం చెప్పకండి" అని బతిమాలతారు. వాళ్ళని చెడామడా తిట్టి పంపుతాను. అందులో నాకు మంచి పేరుంది.

మందుల కంపెనీవాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. సగం ఏడాది ఖాళీగానే పోయింది.

జూన్ 9

వదిన వచ్చింది. ఫోన్ లేదు, కబురు లేదు. తలుపు తీసేసరికి సంచీతో నిలబడి ఉంది. "మీ అన్నయ్య బస్సు తోలుకుంటూ ఊళ్ళు తిరుగుతాడు. ఒక్కదాన్నీ గోడలతో ఎంతసేపని మాట్లాడను?" అంది. లోపలికి వస్తూనే నన్ను ఎగాదిగా చూసి, "ఏమిటమ్మాయ్ ఆ మొహం, చూస్తే పాలు విరిగేట్టున్నాయి" అంది. అమ్మ పోయిన ఏడాది ఆవిడ మా ఇంటికి కొత్త కోడలిగా వచ్చింది. అప్పటికి నేను మూడో తరగతి. అప్పటి నుంచీ ఇదే మాట. నా తల దువ్వింది ఆవిడే, లెక్కలు నేర్పింది ఆవిడే, నేను నర్సు చదువుకి వెళతానంటే అన్నయ్యతో పోట్లాడింది ఆవిడే. నేనూ ఊరుకోలేదు. "నీ చేతి కాఫీ తాగినవాళ్ళకి విరిగిన పాలకీ మంచి పాలకీ తేడా తెలీదులే" అన్నాను. చాలాసేపు నవ్వుకున్నాం. ఇల్లు ఇల్లులా ఉంది.

ఈమధ్య పౌడర్ వాడుతోంది. మంచి వాసన.

జూన్ 10

వదిన మొదటి నుంచీ శుభ్రం మనిషి. పౌడరంటే కూడా మొదటి నుంచీ ఇష్టమే.

జూన్ 11

ఇష్టమే అని నిన్న రాశాను. ఆ ఇంట్లో పౌడర్ డబ్బా ఎక్కడుండేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

జూన్ 14

నేను లేచేసరికి వదిన దుప్పటి ఉతికి ఆరేస్తోంది. నిన్న కూడా ఉతికింది. "ఆ దుప్పటేం పాపం చేసింది?" అన్నాను. "నీ ఇంట్లో దుమ్ము అలా ఉంది మరి" అంది. నేను నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు. తీగకి అవతలి వైపు నిలబడి దుప్పటి అంచులు లాగుతూ ఉండిపోయింది.

"వదినా, ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమిటి?"

"నేనేం అడుగుతున్నానో నీకు తెలుసు."

దుప్పటి వైపే చూస్తూ, "మొన్నటి నుంచే" అంది.

జూన్ 15

సొంతవాళ్ళని మేము పరీక్ష చెయ్యకూడదని గదిలో నియమం. ఇంకెవరు ముట్టుకున్నా ఇప్పుడే బస్సెక్కుతానని వదిన పట్టు పట్టింది. అందుకని నేనే చూశాను.

చూశాను.

ముక్క తీసి పరీక్షకి పంపించడానికి డాక్టరమ్మని పిలిచాను. వదిన గోడ వైపు తిరిగి నా చెయ్యి పట్టుకుంది. గోరు గుచ్చుకున్న చోట ఇంకా ఎర్రగా ఉంది.

జూన్ 16

ఇన్ఫెక్షన్ కూడా అచ్చం అలాగే కనబడుతుంది ఒక్కోసారి. చాలా చూశాను.

జూన్ 23

ఇన్ఫెక్షన్ కాదు.

డాక్టరమ్మ గది తలుపు వేసి చెప్పారు. "మరీ ముదరలేదు సిస్టర్. నయమయ్యే అవకాశం బాగానే ఉంది. కానీ మొత్తం చికిత్స జరగాలి. రోజూ రేడియేషన్, అదే మన వార్డులో అనే కరెంటు, పెట్టాలి, వారానికోసారి సెలైన్‌లో మందు, ఆ తరవాత లోపలి నుంచి పెట్టే కరెంటు. మధ్యలో ఎక్కడ ఆపినా చేసినదంతా వృథా. మీకు నేను చెప్పాలా? ఆవిడకి మీరే చెప్పండి. మీ మాటైతే వింటారు."

మధ్యాహ్నానికి అన్నయ్య దిగాడు. డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. మెట్ల దగ్గర నన్ను పక్కకి లాగి, "చెల్లాయ్, దానికి మాత్రం చెప్పకు. ఆ మాట వింటే జబ్బు కంటే ముందు భయమే తినేస్తుంది" అన్నాడు. రోజూ ఎవరినో ఒకరిని తిట్టే తిట్లు నాకు కంఠతా వచ్చు. అన్నయ్య ముందు ఒక్కటీ నోటికి రాలేదు. అరవై దగ్గరపడ్డ మనిషి, డ్యూటీ చొక్కా గుండీ తిప్పుతూనే ఉన్నాడు.

జూన్ 24

పుండు అని చెప్పాను. కాస్త మొండి పుండు, మందులకి లొంగదు, కరెంటు పెడితే మాడిపోతుందని చెప్పాను.

వదిన నన్నే చూస్తూ విన్నది. "అంతేనా? నిన్నటి నుంచీ నీ వాలకం చూసి నా పని అయిపోయిందనుకున్నాను కదే" అంది. చాన్నాళ్ళకి కడుపు నిండా అన్నం తింది. కూరలో ఉప్పు తక్కువైందని నన్ను దెప్పింది కూడా.

చెప్పారా అని డాక్టరమ్మ అడిగారు. చెప్పానండీ అన్నాను. చెప్పాను కదా. అబద్ధం కూడా కాదు. చూడ్డానికి అది పుండే.

జూలై 2

కరెంటు గది ముందు వరండాలో పొడుగు బెంచీ ఒకటుంది. కరెంటు పెట్టించుకునే ఆడవాళ్ళందరూ వంతు కోసం దాని మీదే కూర్చుంటారు. ఇన్నేళ్ళలో ఆ బెంచీ మీద గట్టిగా మాట వినలేదు నేను. వదిన చేరాక అది పెళ్ళివారి విడిదిలా తయారైంది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో, ఎవరు ఇంటి దగ్గర ఏం తినాలో అన్నీ ఆవిడే చెబుతోంది. "మా మరదలు ఇక్కడే పని చేస్తుంది" అని మొదటిరోజే చాటింపు వేసింది. నేను అటు వెళితే అందరూ కాళ్ళు ముడుచుకుని దారిస్తున్నారు.

ఆవిడ పక్కన కుట్టుపనమ్మాయి కూర్చుంటుంది. ముప్ఫై దాటి ఉండదు. ఇద్దరు చిన్నపిల్లలు. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. చొక్కాలు సంచీలో తెచ్చుకుని వంతు వచ్చేదాకా గుండీలు కుడుతుంది. వదినని పిన్నీ అంటుంది. ఈ రోజు చూస్తే వదిన కూడా సూది పట్టుకుని ఉంది. "గుండీలు తెంపేవాళ్ళనే పెంచాను గానీ, కుట్టేవాళ్ళని పెంచలేదమ్మా" అని నా వైపు చూపించి చెబుతోంది. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక దారం తెంపేసింది.

కుట్టుపనమ్మాయిది తొందరగానే దొరికింది. నయమయ్యేవాళ్ళలో అందరికంటే ముందుంటుందని డాక్టరమ్మ నమ్మకం.

జూలై 6

పరీక్ష గదిలో కుళాయి మళ్ళీ కారుతోంది. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

జూలై 13

వదినకి రక్తం ఆగింది. కుట్టుపనమ్మాయికి మొన్ననే ఆగిందట. కరెంటు మొదలెట్టాక చాలామందికి ఇలాగే ఆగుతుంది. మానిపోయిందనుకుని ఇళ్ళకి వెళ్ళిపోయేది కూడా సరిగ్గా ఇప్పుడే. డాక్టరమ్మ పరిశీలనలో పెద్ద గొడవంతా ఇక్కడే ఉంది.

"ఇంక చాలదా అమ్మాయ్?" అని వదిన అడిగింది. పైకి మానినా లోపల పచ్చిగా ఉంటుంది, ఆపడానికి వీల్లేదు అన్నాను. సణుక్కుంటూ ఒప్పుకుంది. నా ఇంట్లోనే ఉంది కాబట్టి రెక్క పట్టుకుని తీసుకెళతాను, ఆవిడ గురించి భయం లేదు.

పొద్దున ట్రే పట్టుకుని వరండాలో వెళుతుంటే బెంచీ మీది మాటలు చెవిన పడ్డాయి.

"నాకు డాక్టరమ్మ క్యాన్సరని చెప్పారు పిన్నీ."

"వాళ్ళు అలాగే అంటారమ్మా, మనం మానకుండా రావాలని. నీదీ నాదీ ఒకటే గది, ఒకటే కరెంటు. నీకొక జబ్బు, నాకొక జబ్బు ఎలా అవుతుంది? మా మరదలు లోపలి మనిషి. నాకు అబద్ధం చెప్పదు. ఉత్త పుండే అంది."

ట్రే బరువుగా ఉంది. గదిలో మనుషులు ఎదురు చూస్తున్నారు. ఆగి మాట్లాడే వీలు లేకపోయింది.

జూలై 18

కుట్టుపనమ్మాయి రాలేదు. బళ్ళు తెరిచిన రోజులు, పని ఎక్కువై ఉంటుంది.

జూలై 19

రాలేదు.

జూలై 20

రాలేదు. వదిన సంతోషంగా ఉంది. "దానికి మానిపోయి ఉంటుంది. నేనే చెప్పాను, రక్తం ఆగిందంటే పుండు ఎండినట్టేనని. పిల్లలు గల మనిషి, ఎన్నాళ్ళని తిరుగుతుంది? నువ్వే నన్ను పట్టుకుని వదలడం లేదు" అంది.

జూలై 22

డాక్టరమ్మ కేకలేశారు, నా మీద కాదు, గోడ మీద. "ఈ పిల్ల బతకాల్సిన పిల్ల సిస్టర్. ఫోన్ చెయ్యండి" అన్నారు. ఫోన్ మొగుడిది. "బాగానే ఉందండీ, మిషను మీద కూర్చుంది" అన్నాడు. వెంటనే పంపించమన్నాను. "మీ వదినగారే అన్నారటగా, ఇంక అక్కర్లేదని" అన్నాడు. మనిషి మాటలో వెటకారం కూడా లేదు, మర్యాదగానే అన్నాడు.

జూలై 28

ఆదివారం. వదినకి కూరగాయలకని చెప్పి వెళ్ళాను.

సైకిల్ షాపు మీద ఒకటే గది. తలుపు నుంచి కిటికీ దాకా నీలం నిక్కర్లు, తెల్ల చొక్కాలు గుట్టలుగా ఉన్నాయి. పిల్లలిద్దరూ ఆ గుట్ట మీదే నిద్రపోతున్నారు. నన్ను చూసి ఆ అమ్మాయి కంగారుపడి కుర్చీ మీది బట్టలు తీసింది. ఒళ్ళు కాస్త తేరుకుంది. చూస్తే జబ్బుమనిషని ఎవరూ అనరు.

ఆపితే ఏమవుతుందో చెప్పాను. తల ఊపుతూనే ఉంది, మిషను మాత్రం ఆపలేదు.

"మీరు డాక్టరమ్మ దగ్గర పని చేస్తారు అక్కా. పైవాళ్ళు చెప్పమంటే చెప్పాలి కదా. నేనేం అనుకోను. కానీ పిన్నికి మీరు నిజం చెప్పారు కదా. సొంత మనిషికి అబద్ధం చెప్పరు కదా."

"మా వదినదీ క్యాన్సరేనమ్మా. భయపడుతుందని నేనే అబద్ధం చెప్పాను."

అప్పుడు మిషను ఆపింది. నా ముఖంలోకి చూసి, చిన్నపిల్లని మన్నించినట్టు నవ్వింది. "నన్ను రప్పించడానికి ఎంత మాటంటున్నారక్కా. పిన్ని వింటే బాధపడుతుంది. ఈ యూనిఫారాలు ఇచ్చెయ్యగానే వస్తాను, ఒట్టు" అంది. వద్దంటున్నా టీ పెట్టి ఇచ్చింది.

ఆ పిల్లని కదిలించగలిగే నోరు ఒక్కటే ఉంది. అది వదినది. వదిన చెప్పాలంటే ముందు వదినకి నేను చెప్పాలి.

కూరగాయలు కొనడం మర్చిపోయాను. మార్కెట్టు మూసేశారని చెప్పాను.

జూలై 29

రేపు చెబుతాను.

జూలై 31

ఇప్పుడు చెబితే బెదిరిపోయి వదిన చికిత్స మానేస్తే? ముందు కరెంటు అయిపోనీ.

ఆగస్టు 8

కరెంటు అయింది. ఇంక లోపలి కరెంటు ఉంది. అసలైనది అదే. అది కూడా అయిపోనీ.

జూలైలో ట్రే బరువుగా ఉందని రాశాను. అందులో దూది తప్ప ఏమీ లేదు.

ఆగస్టు 21

వదిన చికిత్స మొత్తం అయిపోయింది. డాక్టరమ్మ వదిన భుజం తట్టి, మొదలుపెట్టినదాన్ని చివరిదాకా తెచ్చారు, మీలాంటివాళ్ళు తక్కువ అన్నారు. వదిన నా వైపు గొప్పగా చూసింది.

అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు. బస్సు దగ్గర వదిన సంచీలోంచి పౌడర్ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "నాకింక దీంతో పని లేదు. నువ్వు రాసుకో, ఆ మొహానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా" అంది. బస్సు కదిలేదాకా నవ్వుతూనే ఉంది. అన్నయ్య కిటికీలోంచి నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

ఇంక చెప్పడం ఎందుకు? మానిన మనిషిని పిలిచి నీకు ఫలానా జబ్బు ఉండేదని చెబుతారా ఎవరైనా?

ఆగస్టు 25

వెళ్ళాను. సైకిల్ షాపు మీది గదికి తాళం ఉంది. వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారని షాపతను చెప్పాడు. ఎక్కడికో తెలీదన్నాడు. ఫోన్ మోగడం లేదు.

సెప్టెంబరు 17

వదిన ఫోన్ చేసింది. ఒళ్ళు చేసిందట. నేనెలా ఉన్నానని అడిగితే, బాగానే ఉన్నానన్నాను. "కుట్టుపనమ్మాయి కనబడిందా?" అంది. లేదన్నాను. ఆ ఒక్క మాట నిజం.

నవంబరు 11

తెర తీయక ముందే పౌడర్ వాసన వచ్చింది. తెర తీశాను. వాళ్ళమ్మ రెక్క పట్టుకుని నిలబెట్టింది. ముఖం పీక్కుపోయింది, కాళ్ళు మాత్రం స్తంభాల్లా వాచాయి. "యూనిఫారాలు ఇచ్చేశానక్కా" అంది కుట్టుపనమ్మాయి.

డాక్టరమ్మ చూసి బయటికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. మూత్రం దారి మూసుకుపోయింది, కిడ్నీలు పోయాయి, నొప్పి తెలియకుండా చూడ్డం తప్ప ఏమీ లేదు అన్నారు. ఈసారి కేకలెయ్యలేదు.

నవంబరు 12

ఈ రోజే వదిన పరీక్షకి రావాలా. వద్దని ఫోన్ చేద్దామనుకున్నాను. ఏమని చెప్పను?

పరీక్ష బాగానే ఉంది. ఆ సంతోషంలో వార్డు చూసివస్తానని నాకంటే ముందు నడిచింది. ఆ మంచం దాటి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చింది. ఆ అమ్మాయిని గుర్తు పట్టడానికి అంతసేపు పట్టింది.

వరండాలోకి వచ్చి, బెంచీ పట్టుకుని నిలబడి అడిగింది.

"దానిదీ నాదీ ఒకటే జబ్బా?"

"ఒకటే."

"పేరు చెప్పు."

చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. అరిచినా, కొట్టినా పడాలనుకున్నాను. మెల్లగా అడిగింది. "నన్ను మోసం చేశావు, సరే. నా మీద ప్రేమతో చేశావు, అదీ సరే. కానీ నా నోటితో ఆ పిల్లకి చెప్పించావే. ఎందుకే?"

సమాధానం కోసం ఆవిడ ఆగలేదు. వార్డులోకి వెళ్ళిపోయింది.

నవంబరు 15

వదిన ఊరికి వెళ్ళలేదు, నా ఇంటికీ రాలేదు. ఆ మంచం పక్కన నేల మీదే ఉంటోంది. అన్నయ్యని ఒక్కణ్ణీ పంపించేసింది. ఆ అమ్మాయికి ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, నోట్లో నీళ్ళు పొయ్యడం అన్నీ ఆవిడే. వాళ్ళమ్మ పిల్లల్ని చూసుకోవడానికి వెళ్ళి వస్తోంది.

నాతో మాట్లాడుతోంది. "ఆ బేసిన్ ఇలా ఇవ్వు." "దుప్పటి మార్చాలి." "నొప్పి మందు వేళైంది." అంతే. రోజూ వార్డుకి వెళ్ళేముందు ఒక్క దెప్పిపొడుపు మాట కోసం కాచుకుని ఉంటున్నాను. ఎంత సిగ్గులేని దాన్ని.

నవంబరు 18

తెర ఇవతల నిలబడి విన్నాను.

"నేను చెప్పింది తప్పమ్మా. నాదీ క్యాన్సరే. నాకు తెలీదు."

"తెలీదుగా పిన్నీ. తెలిస్తే చెప్పేదానివే." కాసేపు ఆయాసపడి మళ్ళీ అంది. "అక్క మా ఇంటికొచ్చి చెప్పింది. నేనే నమ్మలేదు. అక్కనేం అనకు."

నేను తెర తీయలేదు.

నవంబరు 21

పొద్దున పోయింది. వదిన ఆ అమ్మాయి జడ అల్లి పంపింది, చిన్నప్పుడు నాకు అల్లినట్టే, నొప్పి తెలియకుండా, కింద నుంచి చిక్కు తీసుకుంటూ.

మంచం కింద సంచీలో చిన్న చొక్కా ఒకటి దొరికింది. గుండీలు సగమే ఉన్నాయి. వాళ్ళ పెద్దవాడిదట. వదిన కూర్చుని మిగతావి కుట్టి వాళ్ళమ్మకి ఇచ్చింది. తరవాత బస్సెక్కింది. వెళ్ళొస్తానని నాకు చెప్పలేదు.

నవంబరు 24

డాక్టరమ్మకి చెప్పేశాను. జూన్‌లో చెప్పానండీ అన్నది అబద్ధమని, ఆ అబద్ధం బెంచీ మీదకి ఎలా చేరిందో అంతా చెప్పాను. పెన్ను పక్కన పెట్టి విన్నారు. "మనం ఆలస్యానికి కారణాలు ఇన్ని రాసుకున్నాం. ఇది రాయనే లేదు సిస్టర్" అన్నారు. మనం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

డిసెంబరు 8

ఫోన్ చేశాను. అన్నయ్య తీశాడు. వదిన పడుకుందన్నాడు. వెనక గిన్నెల చప్పుడు వినబడుతోంది.

డిసెంబరు 27

పడుకుంది.

జనవరి 19

"మీ వాళ్ళకి మీరు చెప్పుకోలేరు, ఊళ్ళోవాళ్ళందరికీ మొహమ్మీద చెబుతారు" అని ఒకాయన తన భార్యకి చెప్పొద్దని నాతో పోట్లాడాడు. నా సంగతి తెలిసి అనలేదు, కోపంలో అన్నాడు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడకి నేనే చెప్పాను. ఆవిడ ఏడ్చింది. తరవాత చికిత్సకి ఎప్పుడు రావాలని అడిగింది.

ఫిబ్రవరి 10

వదిన పరీక్షకి వచ్చింది. నన్ను చూసి తల ఊపింది. మెడ మీద, భుజం ఎముక పైన, చిన్న గడ్డ చేతికి తగిలింది. డాక్టరమ్మకి తగిలింది, నాకూ తగిలింది. వదిన మా ఇద్దరి ముఖాలూ చూసింది. స్కాన్ తీశారు. సూది పెట్టి ముక్క పంపారు. అన్నయ్యా ఆవిడా ఊళ్ళో ఎవరో డ్రైవరు ఇంట్లో దిగారట. నా ఇల్లు ఆసుపత్రికి కూతవేటు దూరం.

ఫిబ్రవరి 17

ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని వార్డు నుంచి వస్తుంటే మెట్ల దగ్గర అన్నయ్య. అదే మెట్లు. నా చేతిలో స్కాన్ కవరు చూసి గోడకి చేరగిలబడ్డాడు. "మళ్ళీనా?" అన్నాడు. తల ఊపాను. కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. "చెల్లాయ్, దానికి మాత్రం చెప్పకు. ఉన్నన్నాళ్ళు నవ్వుతూ ఉండనీ."

"నవ్వి ఎన్నాళ్ళైంది అన్నయ్యా?" అన్నాను. చెయ్యి వదిలించుకున్నాను. అన్నయ్య అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

వరండాలో వదిన తన పాత చోటులోనే కూర్చుని ఉంది. పక్కన ఎవరో కొత్తావిడ. దగ్గరికి వెళుతుంటే పౌడర్ వాసన వచ్చింది, ఆవిడది. వదిన ఆవిడతో చెబుతోంది. "పుండు కాదమ్మా, క్యాన్సర్. పేరు పెట్టి అనడం అలవాటు చేసుకో. రక్తం నడిమధ్యలో ఆగుతుంది. ఆగిందని ఇంటికి పోయావంటే నిన్ను లాక్కురావడానికి నేనే వస్తాను." పోయిన వారం పరీక్షకి వచ్చినప్పుడూ ఇలాగే కూర్చుని చెప్పిందట. కరెంటు గది ఆయా తరవాత చెప్పింది.

నేను ఎదురుగా నిలబడ్డాను. వదిన తల ఎత్తింది. కవరు చూసింది, నన్ను చూసింది. పక్కకి రా అనలేదు. తరవాత చెబుతాను అనలేదు.

"వదినా, మళ్ళీ వచ్చింది. క్యాన్సరే. మెడ దాకా పాకింది. మందు ఇస్తారు, కొన్నాళ్ళు అదుపులో ఉంటుంది. పూర్తిగా పోదు."

ఎక్కడా గొంతు ఆగలేదు. చివరి మాట దగ్గర మాత్రం కళ్ళ నీళ్ళు జారిపోయాయి.

వదిన తన చేతుల వైపు చూసుకుంది. పక్కనావిడ మా ఇద్దరినీ చూస్తోంది. కరెంటు గదిలోంచి ఎవరినో పిలిచారు, ఎవరూ లేవలేదు. వదిన మెడ మీద గడ్డ దగ్గర వేళ్ళు పెట్టి మెల్లగా తడుముకుంది.

"నీకెలా తెలిసిందో నాకూ అలాగే తెలిసింది. నువ్వేం చెబుతావో చూద్దామని వచ్చాను" అంది.

నన్ను ఎగాదిగా చూసింది.

"మొహం అలా పెట్టకు అమ్మాయ్. పాలు విరుగుతాయి."

కొంచెం పక్కకి జరిగింది. చేతిలో కవరు, చంకలో ఖాళీ ట్రే. రెండూ బెంచీ కింద పెట్టి కూర్చున్నాను.